ట్రాక్ పనికి చిన్న క్రేన్: ఆవిరిదా, బర్రోనా, హైరైలా?

రైల్వే క్రేన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పట్టాలు తప్పిన ఇంజన్‌ను గాల్లోకి లేపే భారీ యంత్రం. అమెరికాలో బుసైరస్, ఇండస్ట్రియల్ బ్రౌన్‌హోయిస్ట్ లాంటి కంపెనీలు అలాంటివి 250 టన్నుల దాకా తయారుచేశాయి. ఫొటోలు, పుస్తకాల అట్టలు అన్నీ వాటివే. నిజానికి ఏడాదిలో ఎక్కువ రోజులు అవి షెడ్డు పక్కన ప్రమాదం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయేవి. రోజూ ఒళ్లొంచి పని చేసినవి వేరే ఉన్నాయి. పట్టాలు దించడం, పాత స్లీపర్లు ఎత్తి వ్యాగన్లో వేయడం, కాలువల్లో పూడిక తీయడం, చిన్న వంతెనల దూలాలు మార్చడం ఇవన్నీ చేసిన చిన్న క్రేన్లు. వాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కొనాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరికీ కావాల్సింది అవే.

కొన్ని మైళ్ల టూరిస్టు రైలు నడిపే సంఘం, సరుకు రవాణా చేసే షార్ట్‌లైన్ (చిన్న స్థానిక రైల్వే), పాత బండ్లు దాచుకునే మ్యూజియం, ఇంట్లో బొమ్మ రైళ్ల లేఅవుట్ కట్టుకునే మోడలర్. వీళ్లలో ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని టన్నులు ఎత్తుతుంది? నా దృష్టిలో అది నాలుగో ప్రశ్న. పని చోటికి ఎలా చేరుతుంది, చేరాక పక్క లైనుకు అడ్డం పడుతుందా, రైలు వస్తుంటే ఎంత త్వరగా తప్పుకుంటుంది అన్న మూడూ దానికంటే ముందు అడగాలి. చిన్న క్రేన్లలో ఏ రకం నిలబడింది, ఏ రకం మూలన పడింది అన్నది చరిత్రలో చూస్తే, తేల్చింది బరువు కాదు, ఈ మూడే.

ఎత్తాల్సిన బరువు ఎంత?

అమెరికాలో చాలాకాలం పట్టా 39 అడుగుల ముక్కల్లో వచ్చేది. 40 అడుగుల వ్యాగన్లో పట్టాలి కాబట్టి ఆ కొలత. గజానికి 115 పౌండ్ల పట్టా తీసుకుంటే 13 గజాల ముక్క 1,495 పౌండ్లు తూగుతుంది, అంటే సుమారు 680 కిలోలు. క్రేన్ లేని రోజుల్లో గ్యాంగ్ దీన్ని పటకార్లతో ఎత్తేది. పన్నెండు మంది పట్టినా తలకు 57 కిలోలు. కంకర మీద కాలు జారకుండా అందరూ ఒక్క మాటకు లేపాలి, ఒక్క మాటకు దించాలి. ఒకడు ముందే వదిలేస్తే పక్కవాడి కాలు నలిగిపోయేది. 132 పౌండ్ల పట్టా అయితే 780 కిలోలు దాకా వెళ్తుంది. కొయ్య స్లీపరు ఒక్కొక్కటి సుమారు వంద కిలోలు.

ఇంతవరకూ చూస్తే ఒక టన్ను ఎత్తే ఏ యంత్రమైనా చాలు అనిపిస్తుంది. చిక్కంతా ప్యానెల్ దగ్గర వస్తుంది. పట్టాలు, స్లీపర్లు కలిపి ముందే బిగించిన 39 అడుగుల ప్యానెల్లో పందొమ్మిదిన్నర అంగుళాల ఎడంతో 24 స్లీపర్లు ఉంటాయి. వాటికి రెండు పట్టాలు, బేస్ ప్లేట్లు, మేకులు కలిపితే నాలుగు టన్నుల పైమాటే. లైను తెగిపోయిన చోట, లెవెల్ క్రాసింగ్ మార్చే చోట ప్యానెల్ వేయడమే సులువైన పద్ధతి. కాబట్టి మీరు ప్యానెల్ వేస్తారా, విడి పట్టాలే మారుస్తారా అన్నది ముందు తేల్చుకోండి. రెండింటికీ ఒకే క్రేన్ అనుకుంటే డబ్బు వృథా అయ్యేది అక్కడే.

ఎందుకంటే క్రేన్ ప్లేటు మీద రాసిన టన్నులు దగ్గరి రేడియస్‌కి సంబంధించినవి. నిండు బకెట్‌ను ఒంటికి ఆనించి పట్టుకోవడం వేరు, చేయి చాచి పట్టుకోవడం వేరు. లెక్క చూడండి. 12 అడుగుల రేడియస్‌లో 10 టన్నులు ఎత్తే క్రేన్ అనుకుందాం. రేడియస్‌ను క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్కు దాకా కొలుస్తారు, పక్కకు ఎత్తినప్పుడు అది ఒరిగేది మాత్రం పట్టా మీదుగా. పట్టా కేంద్రానికి సుమారు రెండున్నర అడుగుల దూరంలో ఉంటుంది. అంటే పట్టా నుంచి తొమ్మిదిన్నర అడుగుల దూరంలో 10 టన్నులు, మొత్తం 95 అడుగు-టన్నులు. అదే హుక్కును 30 అడుగుల రేడియస్‌కి తీసుకెళ్తే పట్టా నుంచి దూరం ఇరవై ఏడున్నర అడుగులు అవుతుంది, అప్పుడు మిగిలేది మూడున్నర టన్నుల లోపు. బూమ్ (క్రేన్ చేయి) బయటికి వాలినకొద్దీ దాని సొంత బరువు కూడా ఒరిగే వైపే చేరుతుంది కాబట్టి, ఏ దూరంలో ఎంత ఎత్తొచ్చో చెప్పే అసలు లోడ్ చార్టులో అంకె ఇంకా తక్కువే ఉంటుంది. ప్యానెల్ మధ్యలో పట్టుకుని క్రేన్‌కి ముందు దించాలంటే 30 అడుగుల రేడియస్ మామూలుగానే పడుతుంది. ముందు వైపు ఎత్తితే పక్కకన్నా కొంచెం ఎక్కువే దొరుకుతుంది, నిజమే. అయినా ‘10 టన్నుల క్రేన్’ నాలుగు టన్నుల ప్యానెల్ దగ్గర నీళ్లు నమలడానికి కారణం ఈ లెక్కే.

మలుపులో ఇంకో తిరకాసు ఉంది. బయటి పట్టా 6 అంగుళాలు ఎత్తుగా ఉన్న చోట క్రేన్ దాదాపు పదికి ఒకటి చొప్పున లోపలికి వాలుతుంది. దాని గరిమనాభి పట్టాల నుంచి 2 మీటర్ల ఎత్తున ఉంటే అది 20 సెంటీమీటర్లు పక్కకు జరిగినట్టు. కేంద్రం నుంచి పట్టాకి ఉన్నదే 75 సెంటీమీటర్లు. బరువు హుక్కుకి తగిలించకముందే పావు వంతుకు పైగా పోయింది. లోపలి వైపు ఎత్తే పని మీ లైన్లో ఎక్కువగా ఉంటే ఏ క్రేన్ కొన్నా దాని చార్టును సగానికి కోసుకుని చదవడం మేలు. ఇది రూలు కాదు, నా జాగ్రత్త.

ఆవిరి క్రేన్

చేతితో తిప్పేవి పక్కన పెడితే చిన్న క్రేన్లలో పాతది ఇదే. పళ్లెం లాంటి తిరుగుడు వేదిక, దాని వెనక కొసన నిలువు బాయిలర్, ముందు బూమ్. బాయిలర్, నీళ్లు, బొగ్గు ఇవే కౌంటర్‌వెయిట్‌లో (క్రేన్ ముందుకు ఒరగకుండా వెనక ఉంచే బరువులో) భాగంగా పనిచేసేవి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బే సిటీలో ఇండస్ట్రియల్ వర్క్స్, క్లీవ్‌ల్యాండ్‌లో బ్రౌన్ హోయిస్టింగ్ వీటికి పేరు పడ్డాయి. 1927లో రెండూ కలిసి ఇండస్ట్రియల్ బ్రౌన్‌హోయిస్ట్ అయ్యాయి. ఒహాయోలోని బుసైరస్ ఊళ్లో ఒహాయో లోకోమోటివ్ క్రేన్, సెయింట్ పాల్‌లో అమెరికన్ హోయిస్ట్ అండ్ డెరిక్ ఉండేవి. ఇంగ్లండ్‌లో కార్లైల్‌లోని కోవన్స్ షెల్డన్, రాడ్లీలోని థామస్ స్మిత్, ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ అండ్ రేపియర్. ఈ చివరి కంపెనీలో పనిచేసిన విల్‌ఫ్రెడ్ స్టోక్స్ పెద్ద క్రేన్ల బరువును కొంత విడి బోగీల మీదకు మళ్లించే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన స్టోక్స్ మోర్టార్ కూడా ఆయనదే. క్రేన్ల ఇంజనీరుకు ఫిరంగి ఆలోచన ఎలా వచ్చిందో గానీ, చరిత్రలో ఆయన పేరు నిలబడింది దానితోనే.

ఆవిరి క్రేన్‌లో గొప్ప గుణం దాని మెత్తదనం. క్లచ్ కుదుపు లేకుండా బరువును వేలెడంత లేపి ఆపగలదు. ప్రాణం తీసేది ఎదురుచూపు. చల్లని బాయిలర్‌తో మొదలుపెడితే పని మొదలయ్యేసరికి పూట గడిచిపోతుంది. నీళ్లు, ఇంధనం మోయాలి, నిప్పు చూసుకోవడానికి మనిషి ఉండాలి. రెండు పట్టాలు మార్చే పనికి ఇంత హంగామా ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే డీజిల్ రాగానే చాలా ఆవిరి క్రేన్లలో బాయిలర్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టారు, మిగతావి పాత ఇనుముకు పోయాయి. బాయిలర్ తీసేస్తే వెనక బరువు మారుతుంది కదా, దానికి తగ్గట్టు ఇనుప దిమ్మలు వేసేవారు. ఇలా మార్చిన క్రేన్ ఏదైనా మీ కంట పడితే మార్పు తర్వాత కొత్త చార్టు తయారుచేశారా అని అడగండి. ఆవిరి నాటి చార్టే తగిలించి ఉంటే అది అలంకారమే, దాన్ని నమ్మి బరువు ఎత్తకండి.

ఆవిరి క్రేన్ కొనడానికి ఒకే కారణం ఉంది: దాన్ని పని చేయిస్తూ జనానికి చూపించడం. నెవడా రాష్ట్రం ఎలీలోని నెవడా నార్తర్న్ లాంటి చోట్ల పట్టాలు తప్పిన బండ్లను లేపే ఆవిరి రెకింగ్ క్రేన్ వారసత్వ సంపద. మీ లక్ష్యం కూడా అదే అయితే కొనండి, ట్రాక్ పనికి మాత్రం వేరే యంత్రం ఉంచుకోండి.

బర్రో: అసలు కథ ఇక్కడ

షికాగోలోని కలెన్-ఫ్రీస్టెడ్ కంపెనీ చేసిన బర్రో క్రేన్ అమెరికా ట్రాక్ గ్యాంగుల జీవితాన్ని ఎంత మార్చిందో దాన్ని చూస్తే తెలియదు. పొట్టిగా, పెట్టెలా, నాలుగు చక్రాల మీద ఉంటుంది. అందమేమీ లేదు. కానీ దాన్ని గీసినవాళ్లకు గ్యాంగ్ మేస్త్రీ బాధలన్నీ తెలిసినట్టున్నాయి.

మొదటిది తోక. క్రేన్ పక్కకు తిరిగినప్పుడు వెనక భాగం రెండో వైపు బయటికి పొడుచుకు వస్తుంది. డబుల్ లైన్లో పాత ట్రాక్‌ల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి 13 అడుగులు అనుకుందాం. పక్క లైన్లో వెళ్లే వ్యాగన్ వెడల్పు 10 అడుగుల 8 అంగుళాలు అయితే దాని పక్క మనవైపు 5 అడుగుల 4 అంగుళాలు వస్తుంది. మిగిలింది 7 అడుగుల 8 అంగుళాలు, అందులో కొంత ఖాళీ వదలాలి. తోక అంతకన్నా పొడుగైతే క్రేన్ తిరిగిన ప్రతిసారీ పక్క లైను ఆపాలి, అంటే ఒక క్రేన్ పనికి రెండు లైన్లకీ బ్లాక్ (రైళ్లు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకోవాలి. పెద్ద లోకోమోటివ్ క్రేన్లతో (ఆవిరిదైనా డీజిల్‌దైనా, పట్టాల మీద తిరిగే పాత రకం) అదే జరిగేది. బర్రో తోకను పొట్టిగా చేశారు. పక్క లైన్లో రైళ్లు నడుస్తుండగానే గ్యాంగ్ పని సాగేది. కంట్రోలర్ల దగ్గర బ్లాక్ కోసం బతిమాలిన ఎవరినైనా అడగండి, ఈ ఒక్క గుణం విలువ ఎంతో చెబుతారు.

రెండోది, దాన్ని లాగడానికి వేరే రైలింజన్ అక్కర్లేదు. తనే గంటకు 20 మైళ్లకు అటూఇటూ వేగంతో పోతుంది, పట్టాలు నింపిన ఒకట్రెండు వ్యాగన్లను లాక్కుపోతుంది. వర్క్ ట్రైన్ అంటే ఒక లోకోమోటివ్, దాని సిబ్బంది, రోజంతా జీతం. బర్రో ఉంటే అది మిగిలిపోయేది. లాగుడు లెక్క కూడా తెలుసుకోవాలి. చదునైన నేల మీద 100 టన్నులు కదిలించడానికి సుమారు 600 పౌండ్ల లాగుడు చాలు, నూటికి ఒకటి వాలులో దానికి ఇంకో 2,000 కలపాలి. ఎక్కడం సరే, దిగడమే టెన్షన్. క్రేన్‌కి వ్యాగన్ల ఎయిర్ బ్రేకులు వేసే కంప్రెసర్, పైపు ఉన్నాయో లేదో చూడకుండా వాలున్న లైనుకు బర్రో కొనకండి.

మూడోది ఎత్తు తక్కువ కావడం. ఫ్లాట్ వ్యాగన్ మీద ఎక్కించి దూరం పంపొచ్చు, ఆ వ్యాగన్ మీద ఉండగానే దానితో పని కూడా చేయించొచ్చు. బూమ్ మొదలు కొంచెం పైకి ఉండటంతో ఎత్తు గోడల వ్యాగన్ల మీదుగా లోపలికి అందేది. అయస్కాంతం తగిలిస్తే లైను పొడుగునా పడి ఉన్న పాత మేకులు, ప్లేట్లు, ఫిష్‌ప్లేట్లు ఏరుకుంటూ పోయేది. ఆ తుక్కు అమ్మితేనే రైల్వేలకు మంచి డబ్బు. 1956, 57 సంవత్సరాల్లో లయనెల్ బొమ్మల కంపెనీ తన 3360 నంబర్ బర్రో క్రేన్‌ను అమ్మిందంటే ఈ యంత్రం అప్పటికి జనానికి ఎంత పరిచయమో ఊహించుకోవచ్చు.

మరి ఎందుకు తగ్గిపోయింది? బరువు ఎత్తలేక కాదు. 1930ల్లో మొదలై తర్వాతి దశాబ్దాల్లో వెల్డింగ్ చేసిన పొడుగు పట్టాలు వచ్చాయి. 1,440 అడుగుల పట్టాను ప్రత్యేక రైలు మీద తెచ్చి, ఒక కొసను నేలకు బిగించి, రైలును కిందనుంచి ముందుకు లాగేస్తే పట్టా దానంతట అదే దిగుతుంది. 39 అడుగుల ముక్కలు ఒక్కొక్కటే దించే పని మెయిన్ లైన్లో సన్నగిల్లింది. రెండో కారణం ఇంకా పెద్దది. బర్రోకు పట్టాల మీద నుంచి దిగడం కుదరదు. రైలు వస్తే దగ్గర్లోని సైడింగ్‌లోకి పరుగెత్తాలి. రైల్వేలు ఖర్చు తగ్గించుకుంటూ సైడింగులు పీకేస్తూ వచ్చాయి, ట్రాఫిక్‌ను తక్కువ లైన్ల మీదకు నెట్టాయి. పదిహేను నిమిషాల పనికి గంట ప్రయాణం అయ్యాక మేస్త్రీలకు విసుగొచ్చింది.

ఇప్పుడు ఈ రెండు కారణాలనూ మీ లైనుకు పెట్టి చూడండి. పాత 39 అడుగుల జాయింట్ పట్టాలు, రోజుకు ఒకట్రెండు రైళ్లు, అదీ వారాంతాల్లోనే. బర్రోను దెబ్బతీసిన రెండూ మీకు లేవు! చిన్న టూరిస్టు లైన్లలో బర్రోలు ఇంకా బతికి ఉండడంలో వింత లేదు.

పాత బర్రో దగ్గరికి వెళ్లినప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయించి మురిసిపోవద్దు. ఇంజన్ మార్చడం సులువు. క్యాబ్‌లోకి ఎక్కి పక్క కవర్లు తీయించండి. డ్రమ్ముల పక్కన క్లచ్ పట్టీలు, బ్రేక్ పట్టీలు ఉంటాయి. లైనింగ్ మేకుల తలలు డ్రమ్ముకి తగిలి గీతలు పెట్టాయా చూడండి. నూనె మరకతో నల్లగా మెరుస్తుంటే బరువు పట్టి ఉంచాల్సిన చోట జారుతుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండటం మామూలు, గోకి, ఊది, దుమ్ము లేపకండి. తర్వాత బూమ్‌ను ఖాళీగా పక్కకు తిప్పించి, ఆగాక కొస పట్టుకుని అటూఇటూ నెట్టండి. చెయ్యెడు ఊగితే కింద తిరుగుడు పళ్లు అరిగాయని అర్థం. ఆ పళ్ల చక్రం దొరకడం గగనం, చేయించాలంటే క్రేన్ ధరను మించొచ్చు. ఇనుప తాడు ఎలాగూ మారుస్తారు, దాని గురించి బేరమాడండి చాలు. బూమ్ జల్లి కమ్మీల్లో ఒక్కటి వంగి ఉన్నా దాన్ని వెల్డర్‌తో తట్టించి సరిచేశారేమో చూడండి. వంగిన కమ్మీకి వేడి పెట్టి నిటారు చేస్తే చూపులకు బాగుంటుంది, బలం పోతుంది.

ఇక తీసుకురావడం. పాత క్రేన్లలో చాలావాటికి చక్రాల దగ్గర రోలర్ బేరింగులు ఉండవు. అలాంటి బండ్లను 1990ల నుంచి ఒక రైల్వే నుంచి మరో రైల్వేకి ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. తయారై 50 ఏళ్లు దాటిన బండ్ల మీద ఫెడరల్ నిబంధనల ఆంక్షలు వేరే. ‘పట్టాల మీదే లాగించి తెచ్చుకుందాం’ అని లెక్కేసుకుంటే కుదరదు. లారీకి, రెండు చివర్లా ఎత్తి దించే క్రేన్లకు అయ్యే ఖర్చు ముందే కనుక్కోండి. కొన్న ధరకన్నా రవాణా ఎక్కువైన సందర్భాలు ఈ వ్యాపారంలో మామూలే.

హైరైల్

పట్టాల మీద నడుస్తూ, కావాలంటే రోడ్డు మీదకు దిగిపోయే బండ్లకు అమెరికాలో హైరైల్ అన్న పేరు మిన్నెసోటాలోని ఫెయిర్‌మాంట్ కంపెనీ వాడిన బ్రాండ్ నుంచి స్థిరపడింది. లారీకి ముందూ వెనకా చిన్న ఇనుప చక్రాలు, హైడ్రాలిక్‌తో దించితే పట్టా పట్టుకుంటాయి. లెవెల్ క్రాసింగ్ దగ్గర ఎక్కడం, అక్కడే దిగడం. బర్రో ఓడిపోయిన చోట ఇవి గెలిచాయి.

ఇందులో మూడు దారులు. పెటిబోన్ కంపెనీ స్పీడ్ స్వింగ్ ఒకటి: రబ్బరు టైర్ల లోడర్, దాని బూమ్ మాత్రం అటూఇటూ పక్కలకు తిరుగుతుంది. పట్టా మోస్తుంది, స్లీపర్ల కట్టలు మోస్తుంది, బకెట్ తగిలిస్తే కంకర కూడా. పాత యంత్రమైనా పాడుకాని మొండి రకం. చిన్న షార్ట్‌లైన్లు దీన్ని వదలకపోవడానికి కారణం ఉంది: ఒకే యంత్రం ఏడాది పొడుగునా ఖాళీగా ఉండదు. రెండోది మడత బూమ్, గ్రాపిల్ (పట్టి ఎత్తే ఇనుప పిడికిలి) ఉన్న హైరైల్ లారీ. పని చోటు మీ షెడ్డుకు 40 మైళ్లు ఉంటే దీనికి సాటి లేదు, హైవే మీద పోయి క్రాసింగ్ దగ్గర ఎక్కుతుంది. కానీ బూమ్ చాచినప్పుడు బలం త్వరగా తగ్గుతుంది, ప్యానెళ్ల జోలికి పోవద్దు. మూడోది రైలు చక్రాలు తగిలించిన పొక్లెయిన్. ఇవాళ కాంట్రాక్టర్లు తెచ్చేవాటిలో ఎక్కువ ఇవే. గ్రాపిల్, బకెట్, స్లీపర్ పట్టే పంజా అన్నీ నిమిషాల్లో మారుస్తారు. నడిపేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, లీవర్ల బర్రో నడిపే మనిషి మాత్రం దొరకడు. యంత్రం ధర చూసేటప్పుడు ఈ సంగతి ఎవరూ లెక్కలో వేసుకోరు.

హైరైల్ లోపాలు కూడా చూడాలి. పట్టాల మీద ఉన్నప్పుడు బ్రేకు ఎక్కడ పడుతుంది? కొన్ని బండ్లలో రబ్బరు టైర్లే పట్టాను గానీ ఇనుప చక్రాలను గానీ తాకి నడుపుతాయి, ఆపుతాయి. పట్టా తడిస్తే ఆ పట్టు సడలుతుంది. ఇంకా ప్రమాదం ఎక్కేటప్పుడు ఉంది: టైర్లు గాల్లోకి లేచి, ఇనుప చక్రాలకు ఇంకా బ్రేకు అందని ఆ కొద్ది క్షణాల్లో వాలు ఉంటే బండి దానంతట అదే జారిపోతుంది. బ్రిటన్‌లో రైలు ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఇలా జారిపోయిన రోడ్-రైల్ బండ్ల మీద ఒకటి కాదు, చాలా దర్యాప్తులు చేసింది. కాబట్టి ప్రతి ఇనుప చక్రానికీ సొంత బ్రేకు ఉన్న బండినే ఎంచుకోండి. ఎక్కించే చోటు చదునుగా ఉండాలి.

ఇంకొకటి, హైరైల్ చక్రాలు చాలావాటికి ఇన్సులేట్ చేసి ఉంటాయి, అంటే సిగ్నల్ సర్క్యూట్‌కి ఆ బండి కనిపించదు, క్రాసింగ్ గేటు పడదు. లైను మీద ఉండే హక్కు కాగితం మీద, రేడియో మీద తీసుకోవాల్సిందే.

అమెరికాలో ఎఫ్‌ఆర్‌ఏ (ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్) నిబంధనల 214వ భాగం కింద హైరైల్ గేర్‌ను ఏటా తనిఖీ చేయాలి, రెండు తనిఖీల మధ్య 14 నెలలు మించకూడదు. క్రేన్ ఉన్న ట్రాక్ యంత్రాలు నడిపేవాళ్ల శిక్షణ మీద 2014లో ప్రత్యేక నిబంధన వచ్చింది. వాలంటీర్లతో నడిచే లైన్లు ఈ రెండో దాన్ని పట్టించుకోవడం లేదని నాకు అనుమానం. ఏ క్రేన్ కొన్నా నడపబోయే ఇద్దరి పేర్లు ముందే రాసుకుని, శిక్షణ ఖర్చు ధరలో కలపండి.

చిన్నాచితకా

ఫ్లాట్ వ్యాగన్ మీద పరిచిన పట్టాల ముక్కల మీద ముందుకూ వెనక్కూ నడిచే అమెరికన్ హోయిస్ట్ డిచర్ ఒకప్పుడు కాలువ పనుల్లో రాజు. ఇప్పుడది మ్యూజియం వస్తువే, పొక్లెయిన్ దాని పని మొత్తం లాగేసుకుంది. స్లీపర్లు మాత్రమే మోసే చిన్న టై క్రేన్లు, వ్యాగన్ల గోడల మీద పాకే రకాలు పెద్ద గ్యాంగులకు తప్ప అక్కర్లేదు.

తోపుడు ట్రాలీ మీద బిగించే చేతి డెరిక్‌ను (చేతితో నడిపే చిన్న క్రేన్‌ను) మాత్రం తేలిగ్గా తీసిపారేయకండి. ఇద్దరు మనుషులు, ఒక చెయిన్ బ్లాకు, 680 కిలోల పట్టా. నెమ్మది, కానీ ఇంజన్ లేదు, రైలు వస్తే విప్పి పక్కన పెట్టొచ్చు. ఏడాదికి పది పన్నెండు పట్టాలు మార్చే లైనుకు అంతకుమించి కొనడం షోకు.

ఎవరికి ఏది?

పది మైళ్ల లోపు లైను, జాయింట్ పట్టాలు, వారాంతపు రైళ్లు, కనీసం ఒక సైడింగ్, మెషీన్ షాపు పని తెలిసిన సభ్యులు. ఈ ఐదూ ఉంటే నా ఓటు బర్రోకే. చివరిది లేకపోతే ఓటు వెనక్కి తీసుకుంటాను. విడిభాగాలు కొనుక్కునే యంత్రం కాదది, చేసుకునే యంత్రం.

సరుకు రవాణా షార్ట్‌లైన్ అయితే, లైను 30 మైళ్లు దాటి, రోడ్లు పక్కనే ఉంటే, పాత స్పీడ్ స్వింగ్ ఒకటి సొంతంగా ఉంచుకుని, ప్యానెళ్లు, వంతెనలు వచ్చినప్పుడు కాంట్రాక్టర్ పొక్లెయిన్ పిలిపించుకోవడం తెలివైన పని. పెద్ద క్రేన్ ఏడాదిలో ఎన్ని రోజులు నిజంగా కావాలో గత రెండేళ్ల పని పుస్తకం తీసి చూడండి. పది రోజులు దాటకపోతే అద్దెకే మొగ్గండి. కాంట్రాక్టర్ తెచ్చే యంత్రానికి ఇన్సూరెన్స్, తనిఖీ, మనిషి అన్నీ మామూలుగా వాళ్లవే.

మ్యూజియం యార్డు లోపలే పని, లైను మీదకు పోయేది లేదు అంటే పాత డీజిల్ లోకోమోటివ్ క్రేన్ ఆలోచించవచ్చు. తోక పొడుగైనా అక్కడ ఎవరికీ అడ్డం లేదు, దగ్గరి రేడియస్‌లో బోగీ కింద చక్రాలు మార్చడానికి దాని బలం బాగా పనికొస్తుంది. యార్డులో కరెంటు తీగలు ఎక్కడున్నాయో మాత్రం ముందే మ్యాప్ వేయండి. 50 కిలోవోల్టుల వరకు 10 అడుగుల దూరం అమెరికా నిబంధన, బూమ్ కొసకు ఆ లెక్క దాటడానికి ఒక్క తిప్పు చాలు.

ఇవన్నీ నచ్చి ధర దగ్గరికి వచ్చాక అమ్మేవాళ్లను ఒక కాగితం అడగండి: ఆ క్రేన్ సీరియల్ నంబరుతో సరిపోయే లోడ్ చార్టు. అదే మోడల్ ఇంకో క్రేన్‌ది జిరాక్స్ తీసి ఇస్తే సరిపోదు. బూమ్ పొడుగు, కౌంటర్‌వెయిట్ మారితే చార్టు మారుతుంది. అసలు లేదంటే ఇంజనీరు చేత కొలిపించి కొత్తది రాయించే ఖర్చు ధరలోంచి కోయండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

మోడలర్ల విషయం తేలిక. మీ లేఅవుట్ 1920లదైతే నిలువు బాయిలర్ క్రేన్, దాని బూమ్ కింద ఖాళీ ఫ్లాట్ వ్యాగన్. 1950లదైతే బర్రో, వెనక రెండు గోండోలాలు (పైకప్పు లేని వ్యాగన్లు), ముందు ఇంజన్ లేకుండా. ఒక గోండోలాలో కొత్త పట్టాలు, రెండోదాంట్లో తుప్పు పట్టిన తుక్కు వేయండి. 1980ల తర్వాతిదైతే లెవెల్ క్రాసింగ్ దగ్గర, సగం రోడ్డు మీద, సగం పట్టాల మీద హైరైల్ లారీ నిలబెట్టండి. ఫ్లాగ్ పట్టుకున్న మనిషిని మరచిపోవద్దు.